సాక్షి మాట కాగితం మీదికి వచ్చేదాకా

కింది కోర్టుల్లో ముప్పై ఏళ్ళు పనిచేశాను. 1993లో జిల్లా మున్సిఫ్‌గా చేరాను, 2023లో జిల్లా జడ్జిగా రిటైరయ్యాను. మున్సిఫ్ అనే హోదా పేరు మారిపోయి చాలా ఏళ్ళయింది, తర్వాత జూనియర్ సివిల్ జడ్జి అన్నారు. ఊళ్ళల్లో పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ మున్సబు కోర్టు అనే అంటారు.

మా అన్నయ్య కూతురు ఇప్పుడు ఆ జడ్జి పరీక్షకు చదువుతోంది. "అత్తా, బెంచి మీద అన్నిటికంటే కష్టమైన పని ఏది? తీర్పు రాయడమేనా?" అని మొన్న అడిగింది. కాదన్నాను. సాక్షి చెప్పినదాన్ని చెప్పినట్టు కాగితం మీద పెట్టడం అన్నాను. అది టైపిస్టు పని కదా అంది. అప్పటికి నేను ఇంకేమీ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

కోర్టులో సాక్ష్యం ఎలా నమోదవుతుందో చూడనివాళ్ళకు ముందు అది చెప్పాలి. సాక్షి బోనులో నిలబడతాడు. వకీలు తెలుగులో అడుగుతాడు, సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జి దాన్ని విని, మనసులోనే ఇంగ్లీషులోకి మార్చుకుని, పక్కనున్న టైపిస్టుకు చెబుతారు. నేను చేరిన రోజుల్లో దాదాపు ప్రతి కోర్టులోనూ ఇదే అలవాటు. ఆ టైపు కాగితాన్నే డిపాజిషన్ అంటాం. కేసు అప్పీలుకు వెళ్తే పై కోర్టుకు చేరేది ఆ కాగితమే. సాక్షి వెళ్ళడు. ఆయన గొంతు వెళ్ళదు. మధ్యలో ఎందుకు ఆగిపోయాడో, ఎవరి వైపు చూశాడో, అదేదీ వెళ్ళదు. సబ్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎన్ని మెట్లెక్కినా, మనిషిని కళ్ళారా చూసి విన్నది మొదటి మెట్టు మీద కూర్చున్న జడ్జి ఒక్కరే.

ఇది నాకు చేరిన రోజునే తెలిసిన సంగతి కాదు.

నేను ముందు నాలుగేళ్ళు ప్రాక్టీసు చేశాను. సీనియర్ గారు క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంటే పక్కన నిలబడి నోట్సు రాసుకోవడమే ఎక్కువగా నా పని. ఆఫీసులో గడగడా కథంతా చెప్పిన మనిషి బోనెక్కగానే నోరు పెగలక నిలబడిపోవడం అక్కడే చూశాను. జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్న నిబంధన 2002లో పోయింది, సుప్రీంకోర్టు 2025 మే నెలలో దాన్ని మళ్ళీ తెచ్చింది. మా మేనకోడలికి అది నచ్చలేదు. నాకు మాత్రం మంచిదే అనిపించింది. బోనులో ఉన్న మనిషి పక్కన కొన్నాళ్ళు నిలబడితే తప్ప ఎదురుగా కూర్చోవడం రాదు.

పరీక్ష, ఇంటర్వ్యూ, శిక్షణ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చట్టాలు చదివాను, మార్కులు వచ్చాయి, సీనియర్ జడ్జిల పక్కన కొన్నాళ్ళు కూర్చుని చూశాను. ఆ తర్వాత ఒక చిన్న ఊరిలో కోర్టు అప్పగించారు. సివిల్ దావాలూ నావే, మేజిస్ట్రేటు పనీ నాదే. పదిన్నరకు కాల్‌వర్క్ మొదలు. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కో పేరూ మూడుసార్లు పిలిచేవాడు. వాయిదాలు, పిటిషన్లు అయ్యేసరికి పన్నెండు దాటేది. సాక్షులు పొద్దున తొమ్మిదింటికే వచ్చి వరండాలో కూర్చునేవాళ్ళు. వాళ్ళను ఇంకో వాయిదాకు తిప్పడం ఇష్టం లేక నేను తొందరపడేదాన్ని. రోజుకు ఆరుగురు సాక్షులను పూర్తి చేశానంటే ఆ సాయంత్రం తృప్తిగా ఉండేది.

ఆ తొందరలోనే ఒక తప్పు చేశాను.

చేరిన కొద్ది నెలలకే ఒక హక్కు దావా విచారణకు వచ్చింది. వాది డెబ్బై ఏళ్ళ ముసలామె. భర్త పోయాడు, కొడుకులు లేరు. రెండెకరాల చేను మరిది కొడుకుల చేతిలో ఉంది. అది తమ వాటాకు వచ్చిన భూమి అని వాళ్ళ వాదన. ఈమె బోనులో నిలబడి, కట్టె పట్టుకుని, చాలా స్పష్టంగా చెప్పింది: "మా ఆయన పోయాక చేసుకునే దిక్కులేక మా మరిదోళ్ళకి పాలుకిచ్చాం."

పాలుకివ్వడం అంటే ఏమిటో నాకు తెలుసు. పంటలో భాగం ఇచ్చేట్టు చేనుని సాగుకివ్వడం. మా తాతగారి పొలం కూడా సగపాలుకే ఉండేది. కానీ నేను టైపిస్టుకు ఇంగ్లీషులో చెప్పిన వాక్యానికి అర్థం వేరు. 'ఆ భూమిలో వాళ్ళకు వాటా ఇచ్చాం' అని చెప్పాను. అంటే భూమిలో హక్కే ఇచ్చామని. వింటున్నప్పుడు నా బుర్రలో సరైన అర్థమే ఉంది. నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు మాట మాత్రం తప్పు. ఆ తేడా నేను గమనించలేదు, ఆమె వకీలూ గమనించలేదు.

నిజానికి దాన్ని పట్టుకోవడానికి చట్టంలో ఒక ఏర్పాటు ఉంది. సాక్ష్యం పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలి. సాక్షి సరేనన్నాక డిపాజిషన్ కింద ఆర్.ఓ.ఏ.సి. అని నాలుగు అక్షరాలు పడతాయి. చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నారు, అని వాటి అర్థం. ఆ రోజు ఎవరూ ఏదీ చదవలేదు. నాలుగు అక్షరాలూ అలవాటుగా టైపయ్యాయి, ఆమె బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించారు, నేను సంతకం పెట్టాను.

దావా ఆమెకే డిక్రీ ఇచ్చాను. ప్రతివాదులు సబ్ కోర్టుకు అప్పీలు వెళ్ళారు. 1996 మొదట్లో అప్పీలు తీర్పు నకలు, రికార్డుతో పాటు మా కోర్టుకు తిరిగి వచ్చింది. నా తీర్పును కొట్టేశారు. ఎందుకని చదివితే, వాది తన సాక్ష్యంలో తానే వాటా ఇచ్చినట్టు ఒప్పుకుందని, ఆ ఒప్పుకోలును కింది కోర్టు పట్టించుకోలేదని ఉంది. కిందనే నేను రాసిన వాక్యం యథాతథంగా ఎత్తి చూపించారు. ఆ తీర్పు రాసినవారిని నేను తప్పు పట్టలేను. ఆ కాగితం చదివితే ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను విన్నదాన్ని బట్టి తీర్పు ఇచ్చాను. వారు నేను రాసినదాన్ని బట్టి ఇచ్చారు.

కొన్నాళ్ళకు ఆమె తన దస్తావేజులు వాపసు తీసుకోవడానికి కోర్టుకు వచ్చింది. పిటిషన్ మీద ఆర్డరు వేసి పిలిపించాను. కాగితాలు అందుకుని, కొంగులో కట్టుకుని, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"నా మాట నువ్వు ఇన్నావు గదా తల్లీ. మరి ఎందుకు పోయింది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. హైకోర్టుకు రెండో అప్పీలు వేయవచ్చని, ఉచితంగా వకీలుని పెడతారని చెప్పాను. అది చెబుతున్నప్పుడే నాకు తెలుసు, రెండో అప్పీలులో ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే వింటారని, ఆమె ఏమందో మళ్ళీ అడగరని. "ఇంక తిరగలేనమ్మా" అని వెళ్ళిపోయింది. ఆ మెట్లు దిగుతున్నప్పుడు కట్టె చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ మర్నాటి నుంచి సాక్ష్యం తెలుగులో రాయడం మొదలుపెట్టాను. తెలుగు టైపు మిషను లేదు, చేత్తోనే రాసేదాన్ని. సాక్షి నీటి కాలవను 'బోదె' అంటే బోదె అని, పొలం గట్టును 'గనిమ' అంటే గనిమ అని రాశాను. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినచోట కూడా ముఖ్యమైన మాటను తెలుగులోనే కొటేషన్లలో ఉంచేదాన్ని. ప్రతి సాక్షికీ చివర నేనే చదివి వినిపించేదాన్ని.

దీనికి ఖరీదు ఉంది. రోజుకు ఆరుగురు అనుకున్నది నలుగురికి తగ్గింది. జడ్జిలకు నెలకు ఇన్ని కేసులు పూర్తి చేయాలని యూనిట్ల లెక్క ఉంటుంది. ఆ లెక్కలో చదివి వినిపించడానికి పట్టే పావుగంటకు యూనిట్లేమీ రావు. వకీళ్ళు కొందరు గొణిగారు. నా ఏడాది రిపోర్టులో పని నెమ్మది అని ఒక మాట పడింది. బాధ కలిగింది, కాదనను. కానీ చదివి వినిపిస్తున్నప్పుడు పదిమందిలో ఇద్దరో ముగ్గురో మధ్యలో ఆపి "అట్లా కాదమ్మా" అనేవాళ్ళు. ఆ ఇద్దరు ముగ్గురి కోసం నలుగురే చాలనుకున్నాను.

మాట కాని సంగతులు కూడా ఉంటాయి. సాక్షి తీరును జడ్జి నమోదు చేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 12లో ఉంది. నేను చూసినంతలో దాన్ని వాడేవాళ్ళు తక్కువ. 'ఈ ప్రశ్నకు సాక్షి చాలాసేపు మౌనంగా ఉన్నారు', 'జవాబు చెప్పే ముందు ప్రతివాది వైపు చూశారు' అని నేను ఒక్కో వాక్యం రాసేదాన్ని. ఆ వాక్యం లేకపోతే ఆ మౌనం పై కోర్టుకు ఎప్పటికీ తెలియదు.

మేజిస్ట్రేటు పనిలో ఇంకో రకం కష్టం ఉంటుంది. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ఆదివారమని, రాత్రని ఆ గడువు ఆగదు. అందుకే ఇంటికే తెస్తారు. 1996 వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం ఒక అబ్బాయిని తెచ్చారు. మోటారు సైకిల్ దొంగతనం కేసు. రిమాండు రిపోర్టులో వయసు 19 అని ఉంది. పిల్లవాడికి ఇంకా మీసం కూడా రాలేదు.

కానిస్టేబుళ్ళను గేటు బయట ఉండమన్నాను. అప్పటిదాకా వాడు ప్రతి ప్రశ్నకూ వాళ్ళ వైపే చూశాడు. కొట్టారా అని అడిగాను, లేదన్నాడు. ఇంట్లో చెప్పారా అని అడిగాను, అమ్మ వచ్చి బయట ఉందన్నాడు. వయసెంతరా అంటే తెలియదన్నాడు. బడికి వెళ్ళలేదు, పుట్టిన సర్టిఫికెట్టు లేదు. తల్లిని లోపలికి పిలిచాను. ఆమెకూ సంవత్సరం తెలియదు. కాసేపు ఆలోచించి, "కిష్ణా పుష్కరాలకి బెజవాడ పోయినప్పుడు వీడు కడుపులో ఉన్నాడమ్మా. నీళ్ళల్లో దిగొద్దని మా అత్త తిట్టింది" అంది.

కృష్ణా పుష్కరాలు 1980 ఆగస్టులో వచ్చాయి. తర్వాతివి 1992లో. కాబట్టి వీడు పుట్టింది 1980 చివర్లోనో 1981 మొదట్లోనో. అంటే పదిహేనేళ్ళవాడు. అప్పుడు అమల్లో ఉన్న 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పదహారు నిండని మగపిల్లలు బాలలే. పద్దెనిమిది అన్న హద్దు మగపిల్లలకు 2000 చట్టంతో వచ్చింది. తల్లి అన్న మాటలను, ఆ పుష్కరాల సంగతితో సహా ఆమె మాటల్లోనే ఆర్డరులో రాశాను. సబ్‌జైలుకు కాకుండా పిల్లల పరిశీలన గృహానికి పంపించాను. తర్వాత డాక్టరు ఎముకల పరీక్షలో కూడా వయసు దాదాపు అదే తేలింది. కానీ ఆ ఆదివారం సాయంత్రం నా చేతిలో ఉన్న ఆధారం ఆ తల్లి జ్ఞాపకం ఒక్కటే.

ఇంక రెండో పోస్టింగులో జరిగిన సంగతి. దీని గురించి ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడలేదు.

1998. రాత్రి పదకొండు దాటాక ప్రభుత్వ ఆస్పత్రి నుంచి రిక్విజిషన్ వచ్చింది. కాలిన గాయాలతో ఒక అమ్మాయిని చేర్చారు, మరణ వాంగ్మూలం నమోదు చేయాలి. అటెండరును తోడు తీసుకుని వెళ్ళాను. ఇరవై రెండేళ్ళ పిల్ల. అరటాకు మీద పడుకోబెట్టారు. వార్డులో వాసన గురించి రాయను.

పద్ధతి మనసులో ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. డ్యూటీ డాక్టరు చూసి, స్పృహలో ఉంది, చెప్పగలిగే స్థితిలో ఉంది అని కాగితం పైన రాసి సంతకం పెట్టారు. పోలీసులను, బంధువులను వార్డు బయటికి పంపించాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"అమ్మా, నేను మేజిస్ట్రేటుని. పోలీసుని కాదు. నీ పేరేమిటి?"

చెప్పింది.

"ఇప్పుడు ఎక్కడున్నావు?"

"ఆస్పత్రిలో."

"నీకు ఇష్టమైతేనే చెప్పు. ఏం జరిగింది?"

"బావ కిరసనాయిలు పోశాడు."

ఆ మాట అలాగే తెలుగులో రాశాను. రాశాక పెన్ను ఆగింది. మా వైపు మేనరికం చేసుకున్న ఆడపిల్లలు మొగుడిని బావ అంటారు. మొగుడి అన్ననూ బావే అంటారు. అక్క మొగుడినీ అంటారు. ఆ ఇళ్ళల్లో భర్త పేరు నోటితో చెప్పే అలవాటు లేదు. ఆ పాలు మాట నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. అంతకుముందు రెండేళ్ళ నుంచీ గుర్తొస్తూనే ఉంది.

ఆమె నోట్లో నేను మాట పెట్టకూడదు. అందుకని ఇంతే అడిగాను: "బావ అంటే ఎవరమ్మా?"

"మా ఆయనే. మా మేనమామ కొడుకు."

"అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు?"

"పెద్దబావ ఆర్పడానికొచ్చాడు. ఆయన చేతులు కాలినయ్."

ప్రశ్న, కింద జవాబు, ప్రశ్న, కింద జవాబు. మొత్తం పదకొండు ప్రశ్నలు. చదివి వినిపించాను, కళ్ళతోనే సరేనంది. రెండు చేతులకూ కట్లు ఉన్నాయి కాబట్టి ఎడమ కాలి బొటనవేలి ముద్ర తీసుకున్నాం. చెబుతున్నంతసేపూ స్పృహలోనే ఉందని డాక్టరు మళ్ళీ రాశారు. కవరులో పెట్టి సీలు వేశాను. మూడో రోజున ఆమె పోయింది.

నాకు తర్వాత తెలిసింది ఏమిటంటే, నాకంటే ముందు పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో కూడా 'బావ' అనే ఉంది. అక్కడితో ఆపేశారు. భర్త అన్న చేతులు కాలి ఉండటం చూసి, ఆ బావ ఇతనే అనుకుని, అతన్ని మొదటి ముద్దాయిగా పెట్టారు. కాపాడబోయిన మనిషి నెలల తరబడి జైల్లో ఉన్నాడు.

మరణ వాంగ్మూలం నమోదు చేసిన మేజిస్ట్రేటు సెషన్స్ కోర్టులో సాక్షిగా నిలబడాలి. నేనూ నిలబడ్డాను. కుర్చీ వేస్తామన్నారు, వద్దన్నాను. రోజూ నేను కూర్చునే వైపు నుంచి కాకుండా బోనులోంచి కోర్టును చూడటం అదే మొదటిసారి. ప్రమాణం చేసేసరికే నోరు ఎండిపోయింది. ఏ తప్పూ చేయని నాకే అంత టెన్షన్ ఉంటే, ఆ కట్టె పట్టుకున్న ముసలామెకు ఎలా ఉండి ఉంటుందో అనుకున్నాను.

భర్త తరఫు వకీలు గారు నన్ను గంట సేపు అడిగారు. ఫైల్లో ఉన్న ఇంగ్లీషు అనువాదంలో బావ అన్నచోట భార్యాభర్తల అన్నదమ్ములకు వాడే ఇంగ్లీషు మాట ఉంది. దాన్ని పట్టుకుని, ఆమె చెప్పింది భర్త అన్న గురించేనని, 'బావ అంటే ఎవరు' అని అడిగి నేనే ఆమె చేత భర్త అని చెప్పించానని అన్నారు. నేను తెలుగు అసలు కాగితం చూడమని కోరాను. "నేను ఏ పేరూ చెప్పలేదు. ఆమె కూడా పేరు చెప్పలేదు. మా ఆయనే అంది. ఆమె అన్నదే రాశాను" అన్నాను. ప్రశ్న, జవాబుల రూపంలో, వీలైనంతవరకు చెప్పినవారి మాటల్లోనే మేజిస్ట్రేటు రాసిన వాంగ్మూలానికి విలువ ఎక్కువని సుప్రీంకోర్టు 1957లో ఖుషాల్ రావు కేసులో చెప్పింది. శిక్షణలో అది పరీక్ష కోసం చదివిన వాక్యం. ఆ రోజు బోనులో నిలబడ్డాకే నాకు అది నిజంగా అర్థమైంది.

నా సాక్ష్యం అయిపోగానే బెంచ్ క్లర్క్ డిపాజిషన్ నా ముందుకు జరిపి సంతకం చేయమన్నారు. కింద ఆ నాలుగు అక్షరాలూ అప్పటికే ఉన్నాయి. చదివి వినిపించమని అడిగాను. హాల్లో కొంచెం నిశ్శబ్దం అయింది. ఆ జడ్జి గారు పెద్ద మనసుతో తానే తీసుకుని చదివారు. ఒకచోట 'రాత్రి పదకొండుకు' అని పడింది, 'పదకొండు దాటాక' అని దిద్దించుకున్నాను.

పెద్దబావ నిర్దోషిగా విడుదలయ్యాడు. భర్తకు శిక్ష పడింది.

లోక్ అదాలత్‌ల సంగతి కొంచెం చెప్పి ఆపుతాను. లీగల్ సర్వీసెస్ చట్టం 1987లో వచ్చినా అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. మండల న్యాయ సేవా కమిటీ బాధ్యత కూడా మాకే ఉండేది కాబట్టి మొదటి రోజుల నుంచీ అందులో ఉన్నాను. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, అవార్డు, అంటే ఆ రాజీ మీద ఇచ్చే తీర్పు, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేదన్న సంగతి అందరూ లాభంగా చెబుతారు. నాకు మాత్రం దానివల్లే భయం. అక్కడ ఒక మాట తప్పు పడితే దిద్దడానికి పైన ఎవరూ లేరు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ముల రాజీలో 'బావి ఇద్దరిదీ' అని రాసి చదివి వినిపిస్తుంటే, తమ్ముడి భార్య వెనక నుంచి "మరి మోటారెవరిదండీ?" అంది. అంతసేపు మాట్లాడుకున్న మగవాళ్ళెవరికీ ఆ ప్రశ్న రాలేదు. ఇంకో గంట పట్టింది. మోటారు, కరెంటు బిల్లు, వంతుల రోజులు అన్నీ రాసి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి ఆమె కూడా తలూపింది.

2002 జూలై నుంచి సివిల్ కేసుల్లో ముఖ్య విచారణ, అంటే సాక్షిని సొంత వకీలు అడిగే భాగం, అఫిడవిట్ రూపంలోనే తీసుకుంటున్నారు. సమయం బాగా కలిసొచ్చింది, నిజమే. కానీ ఆ అఫిడవిట్ వకీలు ఆఫీసులో తయారవుతుంది, ముప్పై దావాల్లో ముప్పై మందీ ఒకే భాష మాట్లాడతారు. మనిషి సొంత గొంతు వినపడేది ఇంక ఎదుటి వకీలు అడిగే క్రాస్‌లోనే. అందుకే సాక్షి బోనెక్కగానే, అఫిడవిట్‌లో ఏముందో మీకు తెలుసా, మీ మాటల్లో చెప్పండి అని నేను అడిగేదాన్ని. న్యాయం కోసం జడ్జి ఏ ప్రశ్నయినా అడగవచ్చని సాక్ష్య చట్టం 165వ సెక్షన్ ఇచ్చిన అధికారం అది. ఇప్పుడు కొత్త చట్టాలు వచ్చాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. మా మేనకోడలు ఆ కొత్త నంబర్లు నాకు నేర్పుతోంది.

నేను నమోదు చేసిన చివరి సాక్ష్యం ఒక హత్య కేసులోది. పాలు పోసే పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. పొలం దారిలో ఇద్దరు పరుగెత్తడం చూశానని చెప్పాడు. రెండువైపులా వకీళ్ళు అడగడం అయిపోయాక కాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, చెవి నా వైపు తిప్పి వింటున్నాడు. 'పొద్దున్నే పాల క్యాను తీసుకుని వెళ్తుండగా' అని చదివాను.

"ఆగమ్మా" అన్నాడు. "పొద్దున్నే కాదు. కోడికూతప్పుడు అన్నాను. ఇంకా మొగాలు ఆనడంలేదు."

వకీళ్ళిద్దరూ ఒకేసారి లేచారు. ఆయన కోడికూత అన్నాడా లేదా అని ఇద్దరినీ అడిగాను. అన్నాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. పొద్దున్నే అన్న మాట కొట్టేసి పైన కోడికూత అని రాశాను, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మొహాలు ఆనడం లేదన్న మాట ముందు చెప్పింది కాదు కాబట్టి, చదివి వినిపించినప్పుడు సాక్షి ఇలా అన్నారని విడిగా రాశాను. మళ్ళీ చదివాను.

"ఇప్పుడు సరిపోయింది" అని ఆయన వచ్చి సంతకం చేశాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాడు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తొడుక్కుని, పాలకు వేళవుతోందని బస్సు స్టాండు వైపు గబగబా నడిచి వెళ్ళిపోయాడు.